వెనుక సీటు సాలమ్మది

తార్నాక నివాసి, యూనివర్సిటీ చరిత్ర శాఖలో రిటైరైన మేకల రజిని అను నేను, ఎవరి బలవంతం లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాసుకున్న వీలునామా ఇది. ఈ వయసులో హయబుస మోటారు సైకిల్ నడిపే ఆడదానికి మతి స్థిమితం ఉండదని మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి వెంకటనర్సయ్య గారి అభిప్రాయం. అందువల్ల డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను. ఆయనది కూడా అడిగాను, ఇవ్వలేదు.

1. నా ఫ్లాటు, బ్యాంకులో ఉన్న సొమ్ము నా చెల్లెలు, సీతాఫల్‌మండి వాస్తవ్యురాలు సాలమ్మకు చెందవలెను. దీని మీద ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా బండి మీదనే.

2. నా బైకు పత్రికల కట్టలన్నీ మా శాఖ మాజీ అధిపతి రత్నాకర్ గారికి. ఆయన రైలింజన్ల మీద లావుపాటి పుస్తకం రాశారు. నేను వేగమైన మోటారు సైకిళ్ల మీద సెమినారులో మాట్లాడితే మాత్రం "గిదేం చరిత్ర మేడం, షోరూం ముచ్చట" అన్నారు. సమోసాలు వచ్చేదాకా అందరూ నవ్వారు. ఇప్పుడు తీరిగ్గా చదువుకోవచ్చు. 1948లోనే ఇంగ్లండువాళ్ల నల్ల విన్సెంటు బండి గంటకు రెండువందల కిలోమీటర్లు అందుకుంది. తర్వాత జపాను కంపెనీలు పంతానికి దిగాయి. హోండా తన బండికి బ్లాక్‌బర్డ్ అని పిట్ట పేరు పెడితే, 1999లో సుజుకీ ఆ పిట్టను పట్టి తినే డేగ పేరు, హయబుస అని పెట్టి మూడువందలు దాటించింది. ఇంత పంతం నేను మళ్లీ మా శాఖలో ప్రమోషన్లప్పుడే చూశాను.

3. వేగం ఇంకా పెరిగితే ప్రభుత్వాలు నిషేధిస్తాయన్న భయంతో కంపెనీలు 299 దగ్గర ఆగుదామనుకున్నాయి. రాత లేదు, సంతకం లేదు, పెద్దమనుషుల ఒప్పందం. ఆ మాట వింటే తెలంగాణవాళ్లకు ఏం గుర్తొస్తుందో చెప్పనక్కర్లేదు. మనదానికి సంతకాలు కూడా ఉండినవి. జపానువాళ్లది మాత్రం చాలావరకు నిలబడింది, ఎందుకంటే మాట మీద వదిలేయకుండా ఇంజను కంప్యూటరులోనే కళ్లెం వేశారు. ఈ వీలునామాకు అదే ఆధారం.

4. బండి సాలమ్మ ఒక్కగానొక్క కొడుకు ముఖేష్‌కు. వాడు క్యాంపసు హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేస్తున్నాడు, థీసిస్ మాత్రం నడక వేగమే. మొన్న దోస్తు బండి మీద ఔటర్ రింగు రోడ్డులో నూట ఎనభై కొట్టి, మీటరును వీడియో తీసి స్టేటస్ పెట్టాడు. మా పిచ్చి సాలమ్మ నాకే చూపించింది. "ఆకాశం ఎంత ఎర్రగ ఉన్నదో సూడక్కా, మావోడు మంచిగ తీసిండు" అన్నది. నేను మాత్రం మీటరు చూశాను. వాడంటే నాకు ప్రాణం, ఇది కోర్టులో చదివినా నాకు సిగ్గు లేదు. బండి అమ్మేద్దామంటే అప్పు చేసి ఇంకొకటి కొంటాడు. పిలిచి అడిగితే "మెల్లగ నడుపుత పెద్దమ్మా, నీ మీద ఒట్టు" అన్నాడు. నేను పోయాక నా మీద ఒట్టుకు విలువేముంటుంది?

5. కావున ముందు సీటు మాత్రమే ముఖేష్‌ది. వెనుక సీటు సాలమ్మ బతికినన్నాళ్లు సాలమ్మది. ఆమె ఎక్కి కూర్చోనిదే బండి కదలరాదు, తాళంచెవి ఆమె కొంగునే ఉండవలెను. ఒంటరిగా దూసుకుపోయేవాళ్లు వెనుక సీటు తీసేసి బిగించే ప్లాస్టిక్ మూపురాన్ని ఆమె కోళ్లకు నీళ్లు పోయడానికి వాడుకోవలెను. ఈ షరతు తప్పినట్టు నా శిష్యురాలు, అడ్వకేటు భూమికకు తెలిసిన రోజున బండి వెంకటనర్సయ్య గారిది అవుతుంది. దాన్ని తుక్కుకు వేయిస్తానని ఆయన జనరల్ బాడీ మీటింగులో చెప్పి ఉన్నారు, మాట మీద నిలబడే మనిషి.

6. అంతవరకు ఆయనకు బండి మీద కప్పే గుడ్డ. తన స్కూటరుకు కప్పుకుంటే మా మూడో అంతస్తుదాకా పొగ రాదు.

7. సాలమ్మ కొప్పు పట్టే హెల్మెట్ కోసం అంబర్‌పేటదాకా తిరిగాను. నా బీరువాలో ఉన్నది, ఎర్రది. చెల్లే, ఆటో నలభై దాటితేనే నువ్వు ప్రార్థన మొదలుపెడతావని నాకు తెలుసు. అయినా వెనుక ఎక్కు, ఈ ఒక్క పని నా కోసం చెయ్యి. ఆ ప్రార్థన వాడికి గట్టిగా వినపడేటట్టు చెయ్యి.

8. ముఖేషూ, ఈ బండి ఎంత వేగం పోతదో చూడాలని నీకు ఆశ ఉన్నది. తప్పకుండా చూడు బిడ్డా, వెనుక మీ అమ్మను కూర్చోబెట్టుకుని చూడు.

తార్నాక, 14 సెప్టెంబరు 2025
(సంతకం) మేకల రజిని

సాక్షులు:
కామాక్షి, పక్క ఫ్లాటు
దిలీప్, మెకానిక్, మల్కాజ్‌గిరి