స్వామికి వదిలిన దారి

తిరుపతి,
14-6-1982

నిర్మలక్కకు,

నువ్వు తమ్ముడూ అని పిలిచే ముకుందం నమస్కరించి రాసేది. నువ్వు పాకాలలో మీ అన్నగారింట్లో ఉన్నావని తెలిసింది. నన్ను తిట్టుకుంటూ అయినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

రోడ్డు వెడల్పు చేస్తామని పూల అంగళ్లు పీకేయబోతే మీరు పదహారు మంది ఆడవాళ్లు బుట్టలతో సహా నాలుగు రోడ్ల మధ్యన కూర్చున్నారు. మూడో రోజుకు రిక్షావాళ్లు, కాలేజీ పిల్లలు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు వచ్చి చేరారు. లాఠీలు చూపినా, నీళ్లు కొట్టినా తొమ్మిది రోజులు ఒక్కరూ లేవలేదు. గుడిలో స్వామి పల్లకీ మోసుకునే నాకు కూడా మిమ్మల్ని చూస్తే ఎంత గర్వంగా ఉండేదో!

పదో రోజు పొద్దున మా జట్టు పెద్ద దొరస్వామి మమ్మల్ని పక్కకు పిలిచాడు. "ఈ పొద్దు ఊరేగింపు మాడవీధుల్లో కాదప్పా, నాలుగు రోడ్ల మీదుగా పోవాలంట. ఆఫీసర్లు చెప్పినారు. యాడన్నా నోరు జారినారంటే పని పోతాది" అన్నాడు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. లాఠీకి లేవనివాళ్లు స్వామికి లేస్తారు. మధ్యాహ్నం నీ దగ్గరికి వచ్చాను. "ఏం తమ్ముడూ, మొగం అట్లుండాదే? అన్నం తిన్న్యావా?" అని నీ సంగటి ముద్దలో సగం పెట్టావు. తిన్నాను. చెప్పలేదు. నాయన పోయాక ఆయన బదులు దొరికిన పని, ఇంట్లో ఐదుగురం.

సాయంత్రం మీరంతా లేచి, పక్కకు జరిగి చేతులు జోడించారు. స్వామిని నడిరోడ్డున దించగలనా అక్కా? నడిచాను. మా వెనకే పోలీసు వ్యాన్లు వచ్చి, ఖాళీ అయిన చోట నిలబడ్డాయి. మర్నాటికి అంగళ్లు లేవు. ఒక్క మాట చెప్పి ఉంటే మీరు ఇంకా అక్కడే ఉండేవాళ్లు. ఈ పాపం నాది. పని మానేస్తున్నాను.

నీ తమ్ముడు,
ముకుందం

పాకాల,
20-6-1982

ముకుందానికి అక్క దీవెనలు.

పని మానొద్దు. మేళం వాయించే జయరామ్ పెళ్లాం నీకంటే ముందే వచ్చి ఊరేగింపు సంగతి మాకు చెప్పేసింది. నీకు ముద్ద పెట్టేటప్పటికే నాకు తెలుసు. నువ్వు నోరు విప్పుతావేమోనని చూశాను. విప్పలేదని కోపం వచ్చిన మాట నిజమే.

ఎవరూ లేవకూడదని అందరి చేతా పూలబుట్ట మీద ఒట్టు వేయించింది నేనే. "సామి వస్తే ఎట్లమ్మే కూసోనుండేది?" అని నా పక్కన కూర్చున్న రుక్మిణమ్మ ఏడ్చింది. "కూసో. సామే పక్క దోవన పోతాడు" అని కసిరాను.

మేళం దగ్గరయింది. గొడుగు కనపడింది. రుక్మిణమ్మ తల వంచుకుని, కళ్లు మూసుకుని కూర్చునే ఉంది. నా కాళ్లే నిలబడ్డాయి. నిలబడి ఊరుకున్నానా? "లెయ్‌మే, సామొస్తా ఉండాడు" అని ఆమె రెక్క పట్టుకుని లేపాను. మమ్మల్ని చూసి తక్కినవాళ్లు లేచారు.

మమ్మల్ని పోలీసులు లేపలేదు. నువ్వూ లేపలేదు. రుక్మిణమ్మ ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నేను తిరుపతికి రాలేకపోతున్నాను.

నీ అక్క,
నిర్మలమ్మ