బొమ్మ ఏడుపు

జూన్ 3

తమ్ముడు ఫోన్ చేశాడు. కుక్క కావాలట. ఎవరో వాళ్ళ వెనక తలుపు గడియ మళ్ళీ కదిపారట, వారంలో ఇది రెండోసారి. వాడిది రైలింజను డ్యూటీ, వెళ్తే మూడు రోజులకి గానీ ఇంటికి రాడు. ఇంట్లో మరదలు, మూడు నెలల పాప, అంతే. నువ్వు పనిచేసేది కుక్కల షెల్టర్లోనే కదా, మంచిదాన్ని నువ్వే చూసివ్వు అక్కా అన్నాడు. టమాటాలు ఏరిపెట్టమన్నంత తేలిగ్గా అన్నాడు.

నాలుగేళ్ళలో చంటిపిల్లలున్న ఇళ్ళకి ముప్పై ఒక్క కుక్కల్ని ఏరి ఇచ్చాను. ఒక్కసారి కూడా సందేహపడలేదు. ఇవాళ మాత్రం ఏ కుక్కనీ నమ్మబుద్ధి కావడం లేదు. ఊళ్ళోవాళ్ళ పిల్లలు వేరు, మన పిల్ల వేరు. ఇలా రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

జూన్ 4

బోన్లన్నీ రెండుసార్లు తిరిగాను. మూడోది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ చీపురు కనబడితే ఒళ్ళంతా వణుకు. భయపడే కుక్కే ముందు కరుస్తుంది. వద్దు. ఏడోది ముసలిది, పైగా చెవుడు. గడియ కాదు, గోడ కూలినా లేవదు.

పదకొండోది. గోధుమరంగు ఆడకుక్క. ఏడాదిన్నరగా ఇక్కడే ఉంది. కొత్తవాళ్ళని చూస్తే రెండే రెండుసార్లు మొరుగుతుంది, తరవాత నా మొహం చూస్తుంది, మూడోసారి మొరగనా వద్దా అన్నట్టు. గిన్నెల బాబాయి ఓటు కూడా దానికే. మా దగ్గర కుక్కలకి తిండి పెట్టే పెద్దాయన ఈయన, అసలు పేరు రిజిస్టరుకి తప్ప ఎవరికీ తెలీదు. చెవి పట్టుకుని లాగినా కిక్కురుమనదమ్మాయ్ అన్నాడు.

జూన్ 5, రాత్రి

టెస్ట్.

ఈ టెస్ట్ నాదే. పొత్తిగుడ్డలో చుట్టిన బొమ్మ, దాని పొట్టలో చిన్న స్పీకర్, అందులో ఒక పసిపిల్ల ఏడుపు, నలభై సెకన్లు. బోన్ల మధ్య వాకిట్లో చాప వేసి బొమ్మని పడుకోబెడతాను. కుక్కని తాడు పట్టుకుని తీసుకొస్తాను. పళ్ళు చూపినా, గుర్రుమన్నా, మీద పడబోయినా ఫెయిల్. ఎప్పుడూ తిండికి ముందే పెడతాను. కడుపు నిండాక అందరూ మంచివాళ్ళే, ఆకలి మీదుంటేనే అసలు బుద్ధి తెలుస్తుంది. ఈ రూలు కూడా నేనే పెట్టాను. మా షెల్టర్ నడిపే డాక్టరుగారు మీటింగులో అందరి ముందూ మెచ్చుకుని ఫైల్లో పెట్టించారు.

పదకొండు ఏడుపు వినగానే వచ్చి బొమ్మకి మూరెడు దూరంలో కూర్చుంది. తోక మెల్లగా ఊపింది. నలభై సెకన్లూ కదల్లేదు. తమ్ముడి పిల్ల కదా అని మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అంతే. ఫారమ్ మీద పాస్ అని రాసి సంతకం పెట్టాను. ఇవాళ హాయిగా అన్నం తిన్నాను.

జూన్ 8

అప్పగించి వచ్చాను. మరదలు మొదట గడప దాటనివ్వలేదు, పాపని భుజానికి అదుముకుని నిలబడింది. పదకొండు పాప పాదం వాసన చూసి పక్కకి తిరిగి కూర్చుంది. మరదలు ఏడ్చేసింది. ఎన్నాళ్ళయిందో వదినా నిద్రపోయి, అంది. పేరు మార్చదట, పదకొండు అనే పిలుస్తుందట. నాకూ కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడిందని చెప్పాను.

జూన్ 12

గడియ దగ్గరికి మళ్ళీ ఎవడో వచ్చాడట. పదకొండు రెండుసార్లు మొరిగిందట. వాడు పరుగో పరుగు. మరదలు చెబుతూ పడీ పడీ నవ్వింది. నాకు నేనే ఇంకో కప్పు టీ బహుమతిగా ఇచ్చుకున్నాను.

జూన్ 15

మరదలి ఫోన్. పాప కెవ్వుమంటే చాలు, పదకొండు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి పరుపు పక్కన బుద్ధిగా కూర్చుంటుందట. పాప ఎక్కడ దొర్లిపడుతుందోనని వీళ్ళు పరుపు నేల మీదే వేస్తారు. కళ్ళార్పకుండా పాప మొహమే చూస్తుందట. చొంగ కారి చాపంతా తడిసిపోతోందట. ఎంత ప్రేమో వదినా, కన్నతల్లిని నేనే అంత తొందరగా లేవను, అంది.

బాగుంది అన్నాను. ఎందుకో ఆ చొంగ మాట మాత్రం మనసులోంచి పోవడం లేదు.

జూన్ 16, సాయంత్రం 4:30



ఇవాళ నిన్ననే వచ్చిన ఒక కుక్కకి టెస్ట్ పెట్టాను. బొమ్మ ఏడుపు మొదలైంది. అది గుర్రుమంది. ఫెయిల్ అని రాయబోతుంటే గిన్నెల బాబాయి బండి తోసుకుంటూ వచ్చాడు. నీ బొమ్మ గొంతెత్తిందంటే నేను కేకెయ్యాల్సిన పనే లేదమ్మాయ్, అని నవ్వాడు. చూడు ఒక్కొక్కళ్ళూ బడిపిల్లల్లా ఎలా కూర్చున్నారో, అన్నాడు.

చూశాను. ఇరవై రెండు బోన్లు. పాతవన్నీ కూర్చుని ఉన్నాయి. తోకలు ఊగుతున్నాయి. చొంగలు కారుతున్నాయి.

వారానికి మూడు నాలుగు టెస్టులు. నాలుగేళ్ళుగా. ప్రతిసారీ బొమ్మ ఏడుస్తుంది, వెనకే గిన్నె వస్తుంది. ఏడుపు, తిండి. ఏడుపు, తిండి. అవి పసిపిల్లని ఓర్చుకోవడం లేదు. భోజనం కోసం చూస్తున్నాయి. ఇన్నాళ్ళకి నిజంగా టెస్ట్ రాసింది ఆ గుర్రుమన్న కుక్క ఒక్కటే. పదకొండు ఏడాదిన్నర నా బొమ్మ ఏడుపు వింటూ తిండి తింది.

సాయంత్రం 6

మరదలికి ఫోన్ చేశాను. చెబుదామనే చేశాను. చెప్పలేదు. పాపనీ దాన్నీ ఒక్కచోట వదిలి వెళ్ళకు అని మాత్రం అన్నాను. పాస్ అని రాసిచ్చింది నువ్వే కదా వదినా, అని నవ్వింది. ఇంకో మాట కూడా చెప్పింది. పాప ఏడ్చినప్పుడల్లా అది అంత బుద్ధిగా వచ్చి కూర్చుంటుంటే మనసొప్పక ఒక బిస్కెట్ పెడుతోందట. ప్రతిసారీ.

పెట్టకు అన్నాను. ఎందుకంది. లావెక్కుతుంది అన్నాను. నా నోరు పడిపోను. ఫైల్లో పెట్టించిన రూలు, మీటింగులో చప్పట్లు, అవే గుర్తొచ్చాయి.

జూన్ 17

లావేం ఎక్కలేదులే వదినా అంది. ఇంకా పెడుతూనే ఉంది.

జూన్ 19

పాపకి నిద్ర పట్టడం లేదట. కళ్ళు మూసిన పది నిమిషాలకే కెవ్వున లేస్తోందట. పగలే ఎనిమిది తొమ్మిదిసార్లు. అదీ మరదలు వంటింట్లోకో స్నానానికో వెళ్ళినప్పుడే. పాదం మీద సన్నటి ఎర్రటి గీత కూడా కనబడిందట. దోమ కుట్టి ఉంటుందన్నాడట తమ్ముడు.

దోమ గీత గియ్యదు.

జూన్ 20, మధ్యాహ్నం

సెలవు పెట్టి వెళ్ళాను. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. బట్టలు ఆరేసి రా, నేను చూస్తుంటానని మరదల్ని మేడ మీదికి పంపి, పక్కగదిలో నక్కి తలుపు సందులోంచి చూశాను. పాపకి నాలుగంగల దూరంలో ఉన్నాను.

పదకొండు గుమ్మం పక్కన పడుకుని ఉంది. మరదలి అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది. లేచింది. పరుపు దగ్గరికి వెళ్ళి పాప సాక్సు కొసని ముందుపళ్ళతో పట్టుకుంది. మెల్లగా, చాలా మెల్లగా లాగింది. పాప కదిలింది గానీ ఏడవలేదు. ఈసారి సాక్సుతోపాటు పాదం కూడా పట్టుకుంది. నేను తలుపు తోసుకుని వెళ్ళేలోపు పాప కెవ్వుమంది. పదకొండు వెంటనే వదిలేసి, మూరెడు వెనక్కి జరిగి, బుద్ధిగా కూర్చుంది. తోక ఊపింది. నా మొహం చూసింది. టెస్ట్‌లో కూర్చున్నట్టే కూర్చుంది.

దానికి కోపం లేదు. కసి లేదు. అందుకే నాకింత భయం. పిల్ల ఏడిస్తే తిండి వస్తుందని నేర్పాం, ఏడిపించడం అదే నేర్చుకుంది. ఇవాళ పాదం. పాదానికి ఏడవకపోతే రేపు ఏం పట్టుకునేది?

మరదలు పరుగెత్తుకొచ్చింది. అంతా చెప్పాను, పదహారో తారీఖునే తెలుసన్న సంగతితో సహా. పాపని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళి గడియ వేసుకుంది. తలుపు అవతలనుంచి ఒక్క మాటే అంది. దొంగ గడియ దగ్గరే ఆగిపోయాడు వదినా, నువ్వు పాప పరుపు దాకా తెచ్చిపెట్టావు, అంది.

జూన్ 21

పదకొండుని షెల్టర్‌కి వాపసు తెచ్చాను. ఫారమ్‌లో వాపసుకి కారణం అని ఒక గడి ఉంది. కరిచింది అని ఒక్క మాట రాస్తే చాలు. దానికి ప్రాణం తీసే సూది వేసేస్తారు, నా టెస్ట్ నాకుంటుంది, ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అది నా చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంది. ఛీ, ఇంతసేపు ఆలోచించానా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

టెస్ట్ తప్పు, పెట్టింది నేను, అని రాశాను.

డాక్టరుగారు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడితే బాగుండేది. ఈ టెస్ట్ పాసై పసిపిల్లలున్న ఇళ్ళకి వెళ్ళినవి ఇంకెన్ని ఉన్నాయమ్మా అని మెల్లగా అడిగారు.

ముప్పై ఒకటి.

జూన్ 22, ఉదయం 10

ఆ ముప్పై ఒక్క ఇళ్ళ లిస్టు పట్టుకుని కిందనుంచి ఫోన్లు మొదలుపెట్టాను. పోయిన నెల ఇచ్చిన ఇల్లు. ఫోన్ బాబు తల్లి తీసింది. కుక్క బంగారమంది. బాబే ఈమధ్య ఊరికే ఉలిక్కిపడి లేస్తున్నాడంది. బాబూ, కుక్కా ఇప్పుడెక్కడున్నారని అడిగాను. లోపలి గదిలో, అంది. అంతలో ఏడుపు వినబడింది. సగంలో ఆగిపోయింది.

వెళ్ళి చూడండి అన్నాను. ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

ఎడమచేతిలో ఫోన్, కుడిచేత్తో ఇది రాస్తున్నాను. ఇంకా పట్టుకునే ఉన్నాను.