నువ్వు పెట్టిన వేద పాఠశాల

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. జగ్గయ్యపేటలో క్వారీ కూలీల పిల్లలకు మంత్రాలు నేర్పావని, చిన్నప్పుడు గురువుగారు నిన్ను చెవి పగిలేలా కొట్టారు. ఇంటికొస్తే నాన్న కూడా కర్ర తీశారు.

"వాళ్ల నోట పలికితే మంత్రం చెడిపోద్దా నాన్నా?" అని నెత్తురు తుడుచుకుంటూ అడిగావు. ఆయన నిన్ను వీధిలోకి గెంటేశారు.

ఈ ఉదయం నందిగామలోని నీ పాఠశాలలో, ఒక క్వారీ కూలీ కూతురు నీ సంవత్సరీకానికి మంత్రం చదువుతోంది. నాన్న, నేను ఎదురుగా కూర్చున్నాం. కూలీ పిల్లకు వేదమేంటని అరుస్తూ నలుగురు కర్రలతో లోపలికి దూసుకొచ్చారు. మొదటి దెబ్బకే ఆ పిల్ల నుదురు చిట్లింది. రెండో దెబ్బకు నాన్న అడ్డం వెళ్లారు.

"ముందు నన్ను చంపండ్రా!"

ఆయన చెయ్యి విరిగింది. జనం పోగవడంతో వాళ్లు పారిపోయారు.

ఆ పిల్ల నుదుటికి నా కొంగు చించి కట్టాను. ఆసుపత్రికి వెళ్దామంటే నాన్న కదల్లేదు. విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "ఎక్కడ ఆపావో అక్కణ్ణించి చదువమ్మా" అన్నారు.

నీ చెల్లి