మేస్త్రిగా మొదటి రోజు

మంగళవారం, పెనుగంచిప్రోలు

జగ్గయ్యపేట మిర్చి గోడౌనులో ఈ రోజు నుంచి పదిమంది ఆడవాళ్లకు నేనే మేస్త్రిని. మధ్యాహ్నం రమణక్క తన కూలి తూకం పెరగాలని మంచి కాయల్లో రంగుపోయిన తాలుకాయలు కలుపుతోంది. వద్దని రెండుసార్లు చెప్పాను.

"నీకు తొడిమ తీయటం నేర్పింది నేనే కదే, మేస్త్రమ్మా!" అని నవ్వి, మళ్లీ కలిపింది.

"రేపట్నుంచి పనికి రావొద్దక్కా" అన్నాను, అందరి ముందూ. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"మేస్త్రంటే అట్టా ఉండాలమ్మా" అని ఓనరు మెచ్చుకున్నాడు. సంతోషం వేయలేదు. బాధా వేయలేదు.

ఇంటికి నేనూ రమణక్కా ఒకే ఆటోలో వచ్చాం. దిగేటప్పుడు మాత్రం మాట్లాడింది.

"రోజూలాగా రేపు తలుపు కొట్టి లేపటానికి నేను రాను. నువ్వే లెగు."

ఫోనులో అలారం పెట్టుకున్నాను. మా ఆయనకింకా ఏమీ చెప్పలేదు. ఏడుపు కూడా రావడం లేదు...