గంటా పది నిమిషాల దూరం

అన్నయ్యకి, కుట్టుమిషను ముందు కూర్చుని నీ చెల్లెలు రాసేది.

ఇరవయ్యో తారీఖున నా కంటి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు బయట బెంచీ మీద నా మనిషంటూ ఒకడుండాలి. నువ్వు రిటైరై పదకొండేళ్ళు, ఒక్కసారీ రాలేదు. బస్సులో పద్నాలుగు గంటలంటే నడుం పట్టేస్తుందన్నావు, ఊరుకున్నాను. ఇప్పుడు మీ ఊరి దగ్గర కూడా విమానాశ్రయం తెరిచారుగా! ఆరు వందల ఇరవై కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. ఏమంటావు?

నీ పిచ్చుక

తా.క.: తిండి కట్టుకోకు. ఆకలేసేలోపే దిగిపోతావు.

✦

చెల్లికి, ముప్ఫై ఒక్కేళ్ళు బస్సు తోలిన అన్న రాసేది.

మీ ఊరు ఎనిమిది వందల నలభై. నా చేతుల మీద పోయిన దూరం. మిగతా రెండొందల ఇరవై కిలోమీటర్లు ఎవరు మింగారు? అంత పచ్చి అబద్ధమాడేవాళ్ళ బండి నేనెక్కను.

అన్న

తా.క.: మధ్యలో టీకి కూడా ఆపడంట. వాడేం డ్రైవరు?

✦

అన్నయ్యా,

ఎవరూ మింగలేదు. అట్లాసు మీద దారం బిగించి కొలిచాను, సరిపోయింది. విమానం తిన్నగా పోతుంది. నువ్వు పోయిందే చుట్టుదారి.

పిచ్చుక

తా.క.: టిక్కెట్టు కొని దీంట్లోనే పెట్టాను. పద్దెనిమిదో తారీఖు, కిటికీ సీటు.

✦

చెల్లికి,

ముప్ఫై ఒక్కేళ్ళు జనాన్ని చుట్టూ తిప్పానంటావా? సరే, లెక్క విను. ఇంటి నుంచి విమానాశ్రయానికి రెండు గంటలు. మూడు గంటలు ముందే రమ్మంటారు. బూట్లు, బెల్టు విప్పి మళ్ళీ తొడుక్కోవడానికి నా మోకాలితో అరగంట. గాల్లో గంటా పది. పెట్టె కోసం గంట. మీ వీధికి గంటన్నర. దారి తప్పితే వెతుక్కోవడానికి ఐదు గంటలు. మొత్తం పద్నాలుగు గంటలా పది నిమిషాలు.

అన్న

తా.క.: బస్సే పది నిమిషాలు ముందొస్తుంది.

✦

అన్నయ్యగారికి,

మా ఊళ్ళో తమరు దారి తప్పుతారా? బస్టాండులో బస్సు పెట్టి కళ్ళు మూసుకుని మా ఇంటికి నడిచొచ్చేవారు! రావడం ఇష్టం లేదని ఒక్క ముక్క రాస్తే పోయేది. బెంచీ మీద పక్కింటావిడ కూర్చుంటుంది. ఇక ఉత్తరాలొద్దు.

ఇట్లు,
టైలరు

తా.క.: ఏమీ లేదు.

✦

పిచ్చుకా,

గంటా పది అని నువ్వు రాసిన రోజే నేను దొరికిపోయాను. పద్నాలుగు గంటలైతే తప్పు రోడ్డుది. గంటా పదైతే తప్పు నాది.

నడుం నొప్పి ఉత్తదే. స్టీరింగు పట్టుకుని మీ ఊళ్ళో దిగినవాణ్ణి, ఖాకీ చొక్కా లేకుండా వెనక సీట్లోంచి దిగాలంటే సిగ్గేసింది. ఆ సిగ్గులోనే పదకొండేళ్ళు పోయాయి. నిన్ను చూడ్డం ఇష్టం లేకనా? ఆ మాట ఎలా రాశావే?

విమానంవాడు గంటా నాలుగు నిమిషాలకే దింపేశాడు. తోలడం వచ్చినవాడే.

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు, చూశావా? నీ మెట్ల మీద కూర్చుని రాసి తలుపు కిందనుంచి తోస్తున్నాను. లోపల మిషను చప్పుడు వినిపిస్తోంది. తిట్టాలనుంటే తలుపు తీసి తిట్టు.

అన్న

తా.క.: పావుగంట నుంచి తలుపు కొడుతున్నా, నీ మిషను గోలలో వినపడ్డం లేదు. ఇంత ప్రయాణంలో లేటైంది ఇక్కడొక్కచోటే.