ఇసబెల గుర్తు వేసిన ఆవు

ఈ కాగితం చేతికి తీసుకున్నవాడా, నలుగురిలో నీ తల్లి పేరు అడిగితే తల ఎత్తి చెప్పగలవా? చెప్పలేకపోతే ఇక్కడే మడిచి పెట్టు. నీతో నాకు పని లేదు.

మూడవ జార్జి రాజుగారి యేలుబడి నాలుగో ఏట, వర్జీనియాలోని నార్తాంప్టన్ కౌంటీలో కాపురముంటూ, స్వతంత్రుడైన నల్లవాణ్ణీ, రైతునూ, పిలిచిన చోటల్లా వాక్యం చెప్పేవాణ్ణీ అయిన అజరయా కర్వాల్ అనే నేను, ఊపిరితిత్తుల్లో జ్వరం ఉన్నా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా ఆత్మను ఇచ్చినవాడికే అప్పగిస్తున్నాను. దేహాన్ని మా అమ్మ పక్కన పూడ్చండి. పెట్టెకు మంచి చెక్క వెతుకుతూ కాలం పోగొట్టవద్దు. మీకు అంతకన్నా తొందర పని ఉంది.

1. ఆస్తి కంటే ముందు వంశం. మత్తయి యేసు వంశం చెబుతూ తామారు, రాహాబు, రూతు అనే తల్లుల పేర్లు దాచలేదు. నేనూ దాచను. అంగోలా నుంచి ఓడలో తెచ్చిన ఇసబెల తన చెమటతో తన స్వేచ్ఛ కొనుక్కుంది. ఇసబెల ఆవిసును కన్నది. ఆవిసు సుసన్నాను కన్నది. సుసన్నా నన్నూ, డోర్కసునూ, లెమ్యూలునూ కన్నది. డోర్కసు కెజియాను కన్నది. ఈ దేశపు చట్టం తండ్రిని అడగదు. తల్లి స్వతంత్రురాలైతే బిడ్డ స్వతంత్రం, తల్లి బానిసైతే బిడ్డ బానిస. అందుకే మా పిల్లలు ప్రార్థన కంటే ముందు ఈ పేర్లు నేర్చుకుంటారు.

2. నా భార్య ప్రిసిల్లాకు ఇల్లు, పెద్ద ఇనుప కుండ, ఆమె బతికినన్నాళ్ళు పొలంలో సగం. ముప్పై ఏళ్ళు నా ప్రసంగాలు ఇంట్లో ముందుగా విన్నది ఆమె. "అక్కడ ఆపెయ్యవయ్యా, జనానికి ఆకలేస్తుంది" అని చెప్పగలిగింది కూడా ఆమె ఒక్కతే. మిగతా పొలం, నాగలి మా అబ్బాయి ఈనోకుకు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఆ ఇద్దరిదే.

3. నా తమ్ముడు లెమ్యూలుకు, మా అమ్మ ముక్కాలి పీట.

అది పట్టుకునే వాడు నడక నేర్చాడు. వాడి తండ్రి తెల్ల నావికుడు, వాడి ఒళ్ళూ తెలుపే. వయసొచ్చాక సముద్రపు పాయ అవతలి ఒడ్డుకు పోయి తెల్లవాడుగా కుదురుకున్నాడు, గుడిలో ముందు బల్ల మీద కూర్చుంటున్నాడు. దానికి నేనేమీ అనలేదు. చలికాలంలో పందులు కోసే రోజు చాటుగా వచ్చి అమ్మ చేతి ముక్క తినిపోయేవాడు, అమ్మ పోయాక ప్రిసిల్లా చేతిది. అదే చాలనుకున్నాను.

డోర్కసు చనిపోయాక గుడి పెద్దలు ఆమె కూతురు కెజియాను అనాథ అని కల్నల్ హార్విస్ ఇంట పనికి కుదిర్చారు. ఇప్పుడా కల్నల్, డోర్కసు తన తండ్రి బానిస అనీ, దాని కూతురు తనదే అనీ అంటున్నాడు. పదహారేళ్ళ పిల్లను కరొలైనాకు అమ్మేయబోతున్నాడు. తెల్లవాడి మీద నల్లవాడి సాక్ష్యం చెల్లదు. నా నోరు సువార్తకే గాని కోర్టుకు పనికిరాదు. లెమ్యూలు నోరు చెల్లుతుంది.

కెజియా పుట్టినప్పుడు డోర్కసుకు పురుడు పోసిన, క్వేకరు మతపు తెల్ల ముసలమ్మ మెహెటబెల్‌ను కోర్టుకు తీసుకుపోదామని నేను అప్పుడే అన్నాను. లెమ్యూలు నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, నేనుండగా ఆ ముసలమ్మను బండిలో కుదిపి చంపుతావా? డోర్కసు నా అక్క అని నేను చెప్తాగా!" నమ్మాను. ఆమెను పిలవలేదు.

కోర్టులో డోర్కసు నీకేమవుతుందని వాణ్ణి అడిగారు. వాడు టోపీ చేతిలో తిప్పుతూ నా వైపు చూడకుండా అన్నాడు: "వీళ్ళ దగ్గర పంది మాంసం కొనేవాణ్ణి, అయ్యా. అంతకు మించి ఎరగను."

కోర్టు వాకిట్లో కెజియా అరిచింది: "మావయ్యా, నన్ను ఎత్తుకుని తిప్పావు కదా!" వాడు నడిచిపోయాడు. మంచువానలో రేవుదాకా వెంటబడ్డాను. పడవ కదిలింది. ఈ జ్వరం ఆనాటిదే. యేసును ఎరగనన్న పేతురు కోడి కూసాక బయటికి పోయి ఏడ్చాడు. లెమ్యూలూ, మీ ఒడ్డున కోళ్ళు లేవా?

పీట నీదే. అమ్మ పేరు పైకి చెప్పి తీసుకుపో. చెప్పకుండా దాన్ని ముట్టుకోవద్దు.

4. మేనకోడలు కెజియాకు, ఉప్పుగడ్డి దీవిలో మేస్తున్న ముసలి ఆవు. ఇది నేను ఇచ్చేది కాదు, ఆమె పుట్టిన నాటినుంచీ ఆమెదే. మా ఇంట ఆడపిల్ల పుడితే అమ్మమ్మ ఒక పెయ్యను ఇస్తుంది. బొడ్డు కోసిన చెయ్యే ఆ పెయ్య చెవిని ఇసబెల గుర్తుగా కోస్తుంది: కుడి చెవి చీలిక, ఎడమ చెవికి గంటు. ఆ గుర్తు స్వతంత్రురాలైన ఇసబెల పేరు మీద కౌంటీ పుస్తకంలో ఉంది. బానిసకు పశువు గుర్తు ఉండదు. మా అమ్మ డోర్కసు కూతురికి ఆ పెయ్యను ఇస్తుండగా, చెవి కోసింది మెహెటబెల్. ఆమెది ఎడమచేతి వాటం, కోత వాలుగా పోతుంది. మిగతా పశువుల చెవులు ఈనోకు కోసినవి, అవి పనికిరావు.

5. మెహెటబెల్‌కు నా ఈకల పరుపు. ఆమెకు ఇప్పుడు మనుషులు గుర్తుండటం లేదు. నిన్న ప్రిసిల్లాను చూసి, "నీ మొహం తెలియదమ్మా, నీ రొట్టె మాత్రం తెలుసు" అన్నదట. డోర్కసు సంగతి అడిగితే చాలాసేపు ఆలోచించి, "పేర్లు పోయాయి. నేను కోసిన చెవి నా ముందుకు తెండి, ఎవరి ఇంట కోశానో చెప్తాను" అన్నదట. క్వేకర్లు ప్రమాణం చేయరు. ఉత్త మాటనే కోర్టు తీసుకుంటుంది. ఆమె నడవలేదు, బండిలో పడుకోబెట్టి తేవాలి.

1764 మార్చి 12, సోమవారం పొద్దున, నా ఇంట సంతకం చేశాను.

అజరయా కర్వాల్

సాక్షులు: జాబెజ్ కోల్బర్న్, పడవవాడు. హల్డా గిన్, ఆమె గీసిన గుర్తు ×

కింద ఇంకొక్క మాట. కెజియా సంగతి తేల్చే కోర్టు రేపే కూర్చుంటుంది, మళ్ళీ వాయిదా లేదు. ఈనోకూ, పోటు రాకముందే దీవికి దాటి ఆవును మెహెటబెల్ గుమ్మం ముందుకు తోలు. జాబెజ్, బండి కట్టు. ప్రిసిల్లా, ఏడుపు తర్వాత. నేను నేల మీద పడుకుంటాను. నా కింది పరుపు లాగి బండిలో వెయ్యండి. ఈరోజే. ఇప్పుడే లాగండి.