ఎడమచేతి సద్దు

చింతామణి,
శ్రావణ శనివారం, 2006.

నా చిన్నారి చెల్లి సుజాతకు,

అక్క దీవెనలు. బాగేపల్లిలో వాన పడిందా? ఇక్కడ తెల్లారినప్పటి నుంచి తుంపర. పూజ ముగించుకొని దీపం దగ్గరే కూర్చొని రాస్తాండాను.

ఎవరికీ చెప్పని మాట. భజనలో ఇంక నేను ముందు పాడను. వచ్చే శనివారమే ఆఖరు.

మా కోడలు రశ్మి భజనలో కీబోర్డు వాయిస్తాది కదా. కుడిచేత్తో పాట. ఎడమచేత్తో ఒక్క మెట్టు నొక్కితే చాలు, పెట్టెలో ముందే నింపిన స్వరాల గుంపు తాళంతో సహా మోగుతాది. దాన్ని కార్డ్ అంటారు. మొదట్లో నాకు మబ్బుమీద కూర్చొని పాడినట్టుండేది. నెల తిరిగేసరికి ఆ సద్దు పెరిగిపోయింది. నేను చరణం పాడితే వెనకవాళ్ళు అందుకోవాల. వాళ్ళిప్పుడు నన్ను విడిచి పెట్టెను పట్టుకొని పాడుతాండారు. వెనక పాడే మునివెంకటమ్మ అందరి ముందరా అడిగేసింది: "ఏమ్మా వనజా, పాడతాండావా, ఆవులిస్తాండావా?" అందరూ నవ్విరి. నేనూ నవ్వితిని.

పోయినేడు జ్వరం తర్వాత నా పైస్థాయి బీటలువారింది. రశ్మికి తెలుసు. దాన్ని కప్పడానికే సద్దు పెంచింది. జాలిపడి చేసిన పనే. ఆ జాలే ముల్లు. ముప్పై ఏండ్లుగా స్వామి ముందర ఏమీ దాచకుండా పాడిన గొంతు ఇది.

నీ అక్క,
వనజ

చింతామణి,
మరుసటి వారం, ఆదివారం పొద్దున.

సుజాతా, బంగారూ,

నిన్న భజనకు ముందే రశ్మితో అనేస్తిని. "ఈ పొద్దుతో చాలమ్మా. నా గొంతును ఎన్నాళ్ళు కప్పుతావు?"

ఆ పిల్ల కండ్లు పెద్దవి చేసింది. "మీ గొంతా అత్తమ్మా? నా కుడిచెయ్యి తప్పులు మీకు వినపడకూడదని గదా పెంచుతిని! ఒక్క స్వరం జారితే తిరిగి చూస్తారు. ఆ చూపుకు ఇంకో స్వరమూ జారతాది."

నేను అట్లా చూస్తానని నాకే తెలీదు. స్వామి ముందర ఇద్దరం ఒకే దుప్పట్లో దాక్కున్నాం.

కూర్చొని సరిచేస్తిమి. పెట్టె మొత్తం వాల్యూమ్ తగ్గిస్తే కుడిచేతి పాటా మునిగిపోతాది. కార్డ్‌కు వేరే బటన్ ఉండాదంట. ఆమె ఒక్కో అంకె దించుతూ "ఇప్పుడు?" అనేది. నేను కండ్లు మూసుకొని పాడేదాన్ని. తొమ్మిదిలో జడివాన. ఆరులో దూరంగా ఏరు. నాలుగులో నా గొంతు నాకు వినిపించింది. ముసలిదైంది. పక్కనే ఆమె తప్పు స్వరం. నేను తిరిగి చూడలేదు.

భజనలో పైస్థాయి దగ్గర గొంతు విరిగింది. అందరికీ వినపడింది. రశ్మి తాళం ఆపేసింది. ఎడమచేత్తో కార్డ్ ఒక్కటే సన్నగా పట్టుకొని కూర్చొనింది. వెనకవాళ్ళూ ఆగిరి. నేను ఊపిరి తీసుకొని, మెల్లగా ఆ పైస్వరాన్ని చేరితిని.

వచ్చే శనివారమూ నేనే ముందు పాడతాను.

నీ అక్క,
వనజ